ముందు అన్నం, తర్వాతే ప్రశ్నలు

నమస్కారమండీ. ఇక్కడ డాలస్‌లో శనివారం మధ్యాహ్నం రెండైంది. ఈ ఛానెల్‌లో ఇన్నేళ్ళూ మీరు విన్న గొంతు మా ఆవిడది. ఫోన్ పట్టుకుని వెనకాల నడిచేది నేను. ఇవాళ ఫోన్ మా అమ్మాయి పట్టుకుంది, మాట్లాడేది నేను.

తను వెళ్ళిపోయి ఏడాదైంది. పోయిన వారమే సంవత్సరికం పెట్టాం. మీలో చాలామంది మెసేజ్‌లు పెట్టారు, ఒక్కదానికీ జవాబివ్వలేకపోయాను. ఇవాళ మళ్ళీ ఎయిర్‌పోర్టుకి వెళ్తున్నాను, అందుకే మాట్లాడాలనిపించింది.

ఆగస్టు వచ్చిందంటే డెంటన్‌లో, రిచర్డ్‌సన్‌లో, ఆర్లింగ్టన్‌లో చదువుకోడానికి మన పిల్లలు దిగుతారు. ఎవరి మేనల్లుడో, ఎవరి పక్కింటివాళ్ళ అమ్మాయో. "అక్కా, కాస్త చూడక్కా" అని ఊరి నుంచి ఒక్క ఫోన్ వస్తే చాలు, తను కారు తాళాలు తీసేది.

అమ్మలూ, ఇది కాస్త దగ్గరగా చూపించు. నీలం అట్ట నోటుబుక్కు. కొవ్వూరు నుంచి తెచ్చుకుంది. ఎప్పుడూ వంటింటి గట్టు మీదే ఉండేది, అందుకే అంచులకి ఈ పసుపు మరకలు. మొదటి పేజీలో తన గుండ్రటి చేతిరాత చూడండి. "దిగిన రోజు ముందు అన్నం, తర్వాతే ప్రశ్నలు. ఇంటికి ఫోన్ చేయించాలి. మన ఫోన్ నుంచే." దాని కింద, అమెరికాలో దిగినట్టు చూపే ఐ-94 కాగితం ప్రింటు తీయించాలి, బ్యాంకు ఖాతా తెరిపించాలి, క్యాంపస్‌లో ఉద్యోగం దొరికితే గానీ సోషల్ సెక్యూరిటీ నంబరు రాదని ముందే చెప్పాలి, లేకపోతే కంగారుపడతారు. ఇలా పేజీలు పేజీలు.

తను ఎమ్మెస్సీ కెమిస్ట్రీ అండీ. కొవ్వూరులో జూనియర్ కాలేజీలో పాఠాలు చెప్పేది. 2006లో హెచ్-4 మీద, అంటే ఉద్యోగానికొచ్చిన వాళ్ళ భార్యాపిల్లలకిచ్చే వీసా మీద, నా వెంట వచ్చింది. అప్పట్లో హెచ్-4 వాళ్ళు ఉద్యోగం చెయ్యకూడదు. 2015 మే నెలలో గానీ ఆ అనుమతి రాలేదు, అదీ గ్రీన్‌కార్డు పని కొంత ముందుకెళ్ళిన వాళ్ళకే. తొమ్మిదేళ్ళు చదువంతా పెట్టెలో పెట్టుకుని కూర్చుంది. నేను ఆఫీసుకి వెళ్ళిపోయేవాణ్ణి. ఆ రోజులు తనకెలా గడిచాయో నేను అడగాల్సినంతగా అడగలేదు. ఆ ఖాళీలోంచే ఈ పుస్తకం పుట్టింది, ఇక్కడి పిల్లలకి తెలుగు నేర్పే మనబడి క్లాసు పుట్టింది.

మనబడిలో తను బాలబడి పిల్లలకి, అంటే అన్నిటికంటే చిన్న తరగతి వాళ్ళకి, చెప్పేది. 'అ' అంటే అమ్మ, సరే. 'ఆ' అంటే ఆవు అంటే ఈ పిల్లలకి హైవే పక్కన ఎక్కడో దూరంగా కనపడేదే. అందుకని తను 'ఉ'తో మొదలుపెట్టేది. ఉడుతలు మా పెరట్లో ఎన్ని కావాలంటే అన్ని. పిల్లల్ని గడ్డి మీద కూర్చోబెట్టి, ఉడుత కనపడగానే అందరిచేతా గాల్లో 'ఉ' రాయించేది. మా అమ్మాయి మొదట నేర్చిన అక్షరం అదే. ఇప్పుడు ఫోన్ వెనక నిలబడి తలూపుతోంది, మీకు కనపడదు.

2021 ఫిబ్రవరి మంచు తుఫాను మీకు గుర్తుండే ఉంటుంది. ఇక్కడ చలి సున్నా ఫారెన్‌హీట్ కిందకి దిగింది. కరెంటు లేదు. మాది గ్యాస్ పొయ్యి కాబట్టి అగ్గిపుల్లతో వెలిగించి పప్పుచారు కాచింది. రెండు వీధుల అవతల అపార్ట్‌మెంట్లలో పిల్లలున్నారు, వాళ్ళవి కరెంటు పొయ్యిలు. స్టీలు గిన్నెల చుట్టూ దుప్పటి చుట్టి, ఐసు మీద కారు వద్దని ఇద్దరం నడిచే వెళ్ళాం. జారతానేమోనని నాకు టెన్షన్. తను మాత్రం "గిన్నె జాగ్రత్తండీ, గిన్నె" అంటూనే ఉంది.

పుస్తకాన్ని వెనక నుంచి తిప్పితే ఇంకో జాబితా ఉంది. అది కెమెరాకి చూపించను. ఇంత దూరం వచ్చి మన పిల్లలెవరైనా పోతే ఏం చెయ్యాలో రాసుకుంది. ఫ్యూనరల్ హోమ్‌లో ఏమేం అడగాలి, డెత్ సర్టిఫికెట్ కాపీలు ఎక్కువే తీసుకోవాలి, హ్యూస్టన్‌లో మన కాన్సులేట్‌కి ఏ కాగితాలు పంపాలి. మధ్యలో ఒక వాక్యం కింద రెండు గీతలు గీసింది. "తల్లితో మాట్లాడేటప్పుడు బాడీ అనకూడదు. పేరుతో చెప్పాలి."

కిందటి ఆగస్టులో ఫ్యూనరల్ హోమ్‌లో కూర్చుని నేను తెరిచింది ఆ పేజీనే. అవతల ఆయన ఏదో అడుగుతున్నాడు, నాకు మాట రావడం లేదు. పుస్తకంలో వేలు పెట్టి ఒక్కో వరసా చదువుతూ జవాబు చెప్పాను. అస్థికలకి లోహపు పాత్ర వద్దు, ఎయిర్‌పోర్టు ఎక్స్‌రేలో లోపల కనపడాలి, చెక్కపెట్టె తీసుకోవాలి, చేతిబ్యాగులోనే పెట్టుకోవాలి. అన్నీ తను రాసినవే. తన పెట్టె నా ఒళ్ళో పెట్టుకుని వెళ్ళాను. కొవ్వూరు గోష్పాద క్షేత్రంలో, చిన్నప్పుడు తను కార్తీక దీపాలు వదిలిన రేవులోనే గోదావరిలో కలిపాం.

సరేనండీ, బయల్దేరాలి.

ఇప్పుడు ఎయిర్‌పోర్టులో టెర్మినల్ డి దగ్గరున్నాం. అదిగో, అట్టపెట్టెలకి నైలాన్ తాడు కట్టుకుని ట్రాలీ తోసుకొస్తున్నాడు. వాళ్ళ అనుమతి లేదు కాబట్టి మొహం చూపించడం లేదు. కాకినాడ అబ్బాయి. ఏమీ అడగలేదు నేను. నా ఫోన్ ఇచ్చాను. వాళ్ళమ్మగారు అవతల మేలుకునే ఉన్నారు, అక్కడ తెల్లవారుజామున నాలుగున్నర దాటింది. ఒక్క రింగుకే ఎత్తారు. "దిగానమ్మా" అన్నాడు, అంతే, ఆ తర్వాత ఇద్దరూ కాసేపు ఏమీ మాట్లాడలేదు.

వెనక సీట్లో కూర్చోబెట్టి డబ్బా చేతికిచ్చాను. పెరుగన్నం, పక్కన మాగాయ ముక్క. సగం తిన్నాక తలెత్తి, "ఆంటీ చేశారా అంకుల్?" అన్నాడు. వాడికి తెలియదు.

"నేనే చేశాను నాన్నా, ఆంటీ రాసిపెట్టింది చూసి" అన్నాను. "ఇంకొంచెం ఉంది, తిను."