సంతకానికి ముందు: పెన్సిల్వేనియాలో పొలమున్న తెలుగువారికి షేల్ గ్యాస్ లీజు గురించి

అందరికీ నమస్కారం.

కోనసీమ నుంచి వచ్చినవాళ్లకు గ్యాస్ కొత్త కాదు. కొబ్బరితోటల మధ్య రిగ్గులు చూస్తూ పెరిగినవాళ్లే. పొరపాటు పడే అవకాశం కూడా వాళ్లకే ఎక్కువ. మన దేశంలో నేల రైతుదైనా కింద ఉన్న గ్యాస్ ప్రభుత్వానిది. పొలంలో పైపులైను వేస్తే 1962 నాటి చట్టం ప్రకారం ఆ పట్టీ భూమి మార్కెట్ విలువలో 10 శాతం, దానితోపాటు పంటకు, చెట్లకు జరిగిన నష్టం కట్టిస్తారు. ఆ పట్టీ మీద మళ్లీ కొబ్బరి మొక్క నాటడానికి వీల్లేదు. పెన్సిల్వేనియాలో షేల్ అనే రాతి పొరల్లో ఇరుక్కుని ఉన్న గ్యాస్ తీస్తారు, అక్కడ పద్ధతి వేరు. కింది గ్యాస్ కూడా ఆస్తే. అమ్ముకోవచ్చు, లీజుకివ్వచ్చు. కాబట్టి మీ తరఫున బేరం ఆడేది మీరే. ఆ బేరానికి ఉన్న బలమంతా సంతకం పడేదాకే.

ముందు ఆ గ్యాస్ మీదో కాదో తేల్చుకోండి. కౌంటీ రికార్డర్ ఆఫ్ డీడ్స్ ఆఫీసులో పాత దస్తావేజులన్నీ వెనక్కి తిరగేయించండి. ఎప్పుడో ఒక యజమాని పొలం అమ్ముతూ ఖనిజ హక్కులు తన దగ్గరే ఉంచుకుని ఉంటే, మీరు కొన్నది పై నేల మాత్రమే. పాత లీజు ఒకటి ఇంకా బతికే ఉందేమో కూడా చూడాలి. దాని కింద తవ్విన చిన్న బావిలో కాస్త గ్యాస్ వస్తూ ఉన్నా ఆ లీజు చెల్లుతుంది.

ల్యాండ్‌మ్యాన్, అంటే కంపెనీ తరఫున లీజులు కుదిర్చే మనిషి, వచ్చి మొదట చెప్పేది బోనస్ గురించి, అంటే సంతకానికి ఎకరాకింత అని ఇచ్చే డబ్బు గురించి. 2008 ప్రాంతంలో మార్సెల్లస్ అనే షేల్ పొర కోసం కంపెనీలు ఎగబడ్డప్పుడు ఎకరా పదుల డాలర్లకు సంతకం పెట్టినవాళ్లున్నారు, కొన్నాళ్లు ఆగి రెండు వేలు దాటించుకున్నవాళ్లూ ఉన్నారు. ఇరుగుపొరుగు కలిసి, కొన్ని వేల ఎకరాలు ఒక్కటిగా చూపించి, ఒకే లాయరుతో మాట్లాడిస్తే వచ్చే ధర వేరు. అయినా బోనస్ ఒక్కసారి వచ్చే డబ్బు. అసలు చూడాల్సింది రాయల్టీ, అంటే గ్యాస్ అమ్మకంలో మీకు వచ్చే వాటా.

1979 నాటి రాష్ట్ర చట్టం రాయల్టీ ఎనిమిదో వంతుకు, అంటే 12.5 శాతానికి తగ్గకూడదంటుంది. ఆ భరోసాతోనే చాలామంది సంతకం పెట్టారు. గ్యాస్ బావి దాటాక తేమ తీయడానికి, కంప్రెసర్‌తో ఒత్తిడి పెంచడానికి, పైపుల్లో తరలించడానికి ఖర్చులవుతాయి. అవి తీసేశాక రాయల్టీ లెక్కగట్టినా ఆ చట్టానికి విరుద్ధం కాదని 2010లో రాష్ట్ర సుప్రీంకోర్టు తేల్చింది. ఇది ఎంత తేడా తెస్తుందో లెక్క వేద్దాం. బావుల కోసం పక్కపక్క పొలాలను కలిపి ఒక్కటిగా లెక్కగట్టే నేలను యూనిట్ అంటారు. 640 ఎకరాల యూనిట్‌లో మీవి 100 ఎకరాలు. ఒక నెలలో బావి నుంచి 10 కోట్ల ఘనపుటడుగుల గ్యాస్ వచ్చింది. వెయ్యి ఘనపుటడుగులకు 3 డాలర్ల చొప్పున 3 లక్షల డాలర్లు. అందులో ఎనిమిదో వంతు 37,500. దానిలో మీ 100 ఎకరాల వాటా సుమారు 5,859 డాలర్లు. అదే వెయ్యి ఘనపుటడుగులకు ఒక డాలరు ఖర్చు కింద కోస్తే మీ చేతికొచ్చేది 3,906. ధర పడిపోయినా ఆ ఖర్చు తగ్గదు, అప్పుడు కోత ఇంకా లోతుగా తగులుతుంది. అందుకని రాయల్టీ స్థూల ఆదాయం మీదే ఇవ్వాలని, ఫలానా ఫలానా ఖర్చులు తీయకూడదని పేరుపేరునా రాయించండి. సొంత అనుబంధ కంపెనీకి అమ్మిన ధర కాకుండా, సంబంధం లేని బయటి కొనుగోలుదారు ఇచ్చిన మొదటి ధరే లెక్కలోకి రావాలని కూడా చేర్చండి.

ఇక గడువు. లీజు ఐదేళ్లని రాసి ఉన్నా, ఈలోగా గ్యాస్ మొదలైతే అది వస్తున్నన్నాళ్లూ లీజు సాగుతుంది. మీ 100 ఎకరాల్లో 10 ఎకరాలే యూనిట్‌లో పడ్డా మిగతా 90 కూడా కట్టుబడిపోతాయి. దీనికి విరుగుడు ప్యూ క్లాజు. గడువు తీరగానే యూనిట్ బయటి నేలను ఇది విడిపిస్తుంది. లోతుకు కూడా ఇలాగే, తవ్వని లోతైన పొరలు విడుదలయ్యేలా రాయించండి, మార్సెల్లస్ కింద యుటికా అనే ఇంకో పొర ఉంది.

పొరుగున న్యూయార్క్‌లో తవ్వకం అనుమతుల కోసం 2008 నుంచి ఎదురుచూసిన రైతులకు 2014 డిసెంబరులో, నీటి ఒత్తిడితో షేల్ రాయిని పగలగొట్టి గ్యాస్ తీసే ఫ్రాకింగ్ మీద నిషేధం ఎదురైంది. అనుమతులు ఆగాయి కాబట్టి లీజు గడువు దానంతటదే పెరిగిందని కంపెనీలు వాదించాయి. అక్కడి అత్యున్నత కోర్టు 2015లో ఆ వాదనను ఒప్పుకోలేదు. కానీ అది ఆ లీజుల్లోని మాటలను బట్టి వచ్చిన తీర్పు. మీ లీజులో మాటలు వేరైతే ఫలితమూ వేరు. కంపెనీ చేతిలో లేని కారణంతో పని ఆగితే గడువు ఏమవుతుందో చెప్పే పేరా తప్పకుండా చదవండి.

నేల విషయానికొస్తే, బావులు తవ్వే ప్యాడ్ కొన్ని ఎకరాలు తింటుంది. ఫ్రాకింగ్‌కు 40 లక్షల గ్యాలన్ల నీళ్లు పట్టే ఒక్క బావికి, 4,000 గ్యాలన్ల ట్యాంకర్లయితే, నీళ్లకే వెయ్యి ట్రిప్పులు. రోడ్డు ఎటు నుంచి వేయాలో, ఇంటికి, బోరుకు ఎంత దూరంలో ఉండాలో మ్యాపు మీద గీసి లీజుకు జతచేయండి. పైమట్టిని విడిగా పోగు పెట్టాలని రాయించండి. లోపలి మట్టితో కలిసిపోతే ఆ నేల మళ్లీ పంటకు రావడం కష్టం. పొలానికి క్లీన్ అండ్ గ్రీన్ పన్ను రాయితీ ఉంటే, ప్యాడ్ వల్ల వెనక్కి కట్టాల్సి వచ్చే పన్ను కంపెనీయే భరించాలి.

నీళ్ల పరీక్ష మాత్రం మర్చిపోవద్దు. 2012 చట్టం ప్రకారం షేల్ గ్యాస్ బావికి 2,500 అడుగుల లోపు ఉన్న నీళ్ల బోరు, పని ముగిసిన 12 నెలల్లోపు చెడిపోతే, కారణం కంపెనీయేనని ముందుగా భావిస్తారు. కాదని నిరూపించుకోవాల్సింది కంపెనీ. కానీ తవ్వకానికి ముందు పరీక్షకు మీరు వాళ్లను రానివ్వకపోతే, అదే వాళ్లకు రక్షణ అవుతుంది. కాబట్టి రానివ్వండి, మీరూ విడిగా చేయించుకోండి. గుర్తింపు ఉన్న ల్యాబ్ మనిషే వచ్చి నమూనా తీయాలి. మీరు సీసాలో పట్టి పంపింది కోర్టులో నిలబడదు. నీటి కఠినత్వం తగ్గించే సాఫ్ట్‌నర్ యంత్రానికి ముందున్న కుళాయి నుంచే పట్టాలి. మీథేన్, క్లోరైడ్, బేరియం, స్ట్రాన్షియం, సోడియం, ఇనుము, మొత్తం కరిగిన లవణాలు తప్పనిసరిగా చూడమనండి. ఈశాన్య పెన్సిల్వేనియాలో ఏ తవ్వకం లేకున్నా చాలా బోర్లలో మీథేన్ సహజంగానే ఉంటుంది. ముందటి అంకె చేతిలో లేకపోతే తర్వాత వచ్చిన మీథేన్ ఎక్కడిదో తేల్చడం చాలా కష్టం.

చివరిగా ఒక కాగితం సంగతి. కోర్టుహౌసులో సాధారణంగా నమోదయ్యేది లీజు సారాంశం ఒక్క పేజీ మాత్రమే. మీరు బేరమాడి రాయించుకున్న షరతులన్నీ వెనక జతచేసిన అనుబంధంలో ఉంటాయి. అచ్చు లీజుకు, దానికి తేడా వస్తే అనుబంధమే చెల్లుతుందన్న వాక్యం అందులో ఉందా చూసుకోండి. లీజులు కంపెనీ నుంచి కంపెనీకి చేతులు మారుతుంటాయి. ఇద్దరి సంతకాలూ ఉన్న పూర్తి ప్రతి, ప్రతి పేజీతో సహా, మీ దగ్గర ఉండాలి.