ముఖం మీద ఒక్క కుట్టు కూడా లేదు

నమస్తే అండీ. పట్టు గుడ్డ మీద దారంతో కుట్టిన ఈ చిత్రంలో సమాధికి ఆనుకుని ఏడుస్తున్న ఆవిడ ముఖం చూడండి. జూమ్ చేస్తున్నా. గౌను మడతలన్నీ దారమే, ఆకులన్నీ దారమే. ముఖం మీద మాత్రం ఒక్క కుట్టు లేదు! చేతులు, వెనక ఆకాశం కూడా పట్టు గుడ్డ మీద వాటర్‌కలర్‌తో వేసినవే.

అమెరికాలో 1800 ప్రాంతంలో కలిగినవాళ్ళ ఆడపిల్లలు స్కూళ్ళలో ఇలాంటివి కుట్టేవారు. 1799 డిసెంబర్ 14న జార్జ్ వాషింగ్టన్ పోయారు. ఇక సమాధి, కలశం, కొమ్మలు కిందికి వాలిన విల్లో చెట్టు... ఇదే ఫ్యాషన్. వాషింగ్టన్ కోసం, ఇంట్లో పోయినవాళ్ళ కోసం కూడా. కొన్నిటిలో రాయి మీద పేరే ఉండదు, ఖాళీగా వదిలేశారు!

ముఖాలు ఎక్కువగా టీచరో, డబ్బు తీసుకునే చిత్రకారుడో వేసేవారు. ఫిలడెల్ఫియాలో శామ్యూల్ ఫోల్వెల్ పట్టు మీద బొమ్మ గీసి రంగులు వేస్తే, భార్య ఆన్ ఎలిజబెత్ కుట్టు నేర్పేది. ఇంటిల్లిపాదీ అదే వ్యాపారం. హార్ట్‌ఫర్డ్‌లో ప్యాటెన్ అక్కచెల్లెళ్ళ స్కూలుదైతే ఇంకో గుర్తు: జరీతో ఉబ్బెత్తుగా కుట్టిన గద్ద, అది పట్టుకున్న పూలదండ.

అలాగని అమ్మాయి పనిని తీసిపారేయకండి. కుట్టు వచ్చినవాళ్ళు గౌను దగ్గర ఆగండి. పొడుగు కుట్టు, పొట్టి కుట్టు కలిపి, ఒకే రంగులో ముదురు నుంచి లేతకి జారుతూ వెళ్ళింది. దారం వంపు తిరిగిన చోట వెలుగు కూడా తిరుగుతుంది. ఆ మెరుపు కుంచెకి రాదు. చెట్టు గుబురుకి ముడి కుట్లు, గడ్డికి మెత్తటి షెనీల్ దారం. నన్నడిగితే బొమ్మలో ప్రాణమంతా ఇక్కడే ఉంది, ముఖంలో కాదు.

ఇక బొమ్మ చుట్టూ, ఫ్రేమ్ అద్దం అంచుకి వేసిన నల్ల రంగు. లోపలి వైపు నుంచి బంగారు రేకుతో అమ్మాయి పేరు, ఒక్కోసారి స్కూలు పేరు, ఏడాది రాయించేవారు. పోయినవాళ్ళ పేరు రాయి మీద చిన్నగా, కుట్టిన పిల్ల పేరు ఫ్రేమ్ మీద తళతళా! ఏడుపు బొమ్మే గానీ, వేలాడేది హాల్లో. పెళ్ళిచూపుల్లో మా అమ్మాయికి సంగీతం వచ్చండీ అని చెప్పుకున్నట్టే.

ఈ అద్దం పగిలిన చోట చాలామంది మామూలు అద్దం వేయించేశారు. దాంతో అమ్మాయి పేరు పోయింది, స్కూలూ పోయింది. ఎవరి దగ్గరైనా పాత ఫ్రేమ్ ఉంటే, అద్దం ముక్కలైనా సరే పారేయకండి.