ఫ్లైఓవర్ తీసేసి వాగు పారించిన సియోల్

శ్రోతలకు నమస్కారం.

ఏ ఊళ్లోనైనా నాలుగు రోజులు వరసగా ట్రాఫిక్ ఆగిందంటే జనం నోట వచ్చే మొదటి మాట ‘ఇక్కడో ఫ్లైఓవర్ వేస్తే సరి’ అని. ఇవాళ దానికి ఎదురు దారిలో నడిచిన ఒక నగరం సంగతి చెప్పుకుందాం. దక్షిణ కొరియా రాజధాని సియోల్ నడిబొడ్డున ఒక ఫ్లైఓవర్ ఉండేది. దాని మీదా, దాని కింద రోడ్డు మీదా కలిపి రోజుకు 1,68,000 వాహనాలు తిరిగేవి. 2003లో దాన్ని పూర్తిగా తీసేశారు. కింద రోడ్డును కూడా తవ్వేసి, ఆ రోడ్డు అడుగున దశాబ్దాలుగా కప్పబడి ఉన్న చోంగ్‌గ్యేచోన్ అనే వాగును బయటికి తెచ్చారు. ఇప్పుడక్కడ 5.8 కిలోమీటర్ల పొడవునా నీరు పారుతోంది, రెండు పక్కలా నడకదారులూ చెట్లూ ఉన్నాయి, మీదుగా 22 వంతెనలున్నాయి.

ఫొటోల్లో చూస్తే ఇదంతా ఒక అందమైన పార్కు. కానీ పార్కు ఇందులో చిట్టచివరి పని, అన్నింటికన్నా తేలికైన పని కూడా. అసలు కష్టమంతా మురుగునీటి గొట్టాల్లో, బస్సుల లెక్కల్లో, దుకాణదారులతో జరిగిన మాటల్లో ఉంది.

సియోల్ 1394లో రాజధాని అయింది. చుట్టూ కొండలు, మధ్యలో ఊరు. కొండల మీద పడిన వానా, ఇళ్లలోంచి వచ్చే మురుగూ పడమటి నుంచి తూర్పుకు పారే ఈ వాగులోకే చేరేవి. పూడిక పేరుకుంటే వానాకాలంలో ఊరు మునిగేది. అందుకని రాజులు పూడిక తీయిస్తూ వచ్చారు. 1760లో యోంగ్జో అనే రాజు 2 లక్షల మందిని పెట్టి 57 రోజులు ఆ పని చేయించాడు. కొరియా యుద్ధం తర్వాత శరణార్థులు గట్ల మీద గుడిసెలు వేసుకున్నారు. వాగు పూర్తిగా మురుగు కాలువైపోయింది. కంపు భరించలేక 1958 నుంచి దాని మీద కాంక్రీటు స్లాబు వేసి రోడ్డు చేశారు. ఆ రోడ్డు మీద మళ్లీ 16 మీటర్ల వెడల్పున, నాలుగు వరసల ఫ్లైఓవర్ లేపారు. 1960ల చివర్లో మొదలుపెట్టిన ఆ పని 1970ల్లో ముగిసింది. ఆ రోజుల్లో అది దేశ ప్రగతికి గుర్తు. పోస్టుకార్డుల మీద వేసుకునే బొమ్మ.

మరి తీసేయాల్సిన అవసరం ఎందుకు వచ్చింది? పర్యావరణం మీద ప్రేమ ఒక్కటే కారణం అనుకుంటే పొరపాటే. కప్పిన వాగులో మురుగు కుళ్లి వాయువులు పుడతాయి. ఆ వాయువులు స్లాబు అడుగుభాగాన్ని తింటాయి, కాంక్రీటు పెచ్చులు ఊడుతుంది, లోపలి కడ్డీలు తుప్పు పడతాయి. పైనుంచి చూసేవాడికి తారు రోడ్డు నున్నగానే కనిపిస్తుంది. 1994లో సియోల్‌లోనే సోంగ్‌సు వంతెన కూలి 32 మంది చనిపోయారు. మరుసటి ఏడు సాంపూంగ్ డిపార్ట్‌మెంట్ స్టోరు కూలి 502 మంది చనిపోయారు. ఆ తర్వాత కట్టడాల తనిఖీని తేలిగ్గా తీసుకునే ధైర్యం ఎవరికీ లేకపోయింది. ఈ ఫ్లైఓవర్ మీద 1997 నుంచి భారీ వాహనాలను ఆపేశారు. మరమ్మతుకు 10 వేల కోట్ల వాన్‌లు అవుతుందని అంచనా వేశారు. వాన్ అంటే కొరియా డబ్బు. అంత ఖర్చు పెట్టినా మళ్లీ కొన్నేళ్లకు అదే కథ. 2002 మేయర్ ఎన్నికల్లో లీ మ్యోంగ్ బక్ అనే నాయకుడు ఈ లెక్క చూపించే, ఫ్లైఓవర్ తీసేస్తానని ప్రచారం చేసి గెలిచాడు. ఈయనే తర్వాత దేశాధ్యక్షుడయ్యాడు. 2003 జూలై 1న పని మొదలైంది. 2005 అక్టోబరు 1న వాగును జనానికి తెరిచారు. మొత్తం 27 నెలలు, దాదాపు 38,600 కోట్ల వాన్‌లు.

కూల్చడం అంటే మనకు జేసీబీలు, బ్రేకర్లు, దుమ్ము గుర్తొస్తాయి. ఇక్కడ ఆ పద్ధతి కుదరదు. పిల్లరుకు కొద్ది గజాల దూరంలోనే దుకాణం, అందులో గిరాకీ. అందుకని కోసి దించారు. వజ్రపు రవ్వలు పొదిగిన పూసలను ఉక్కు తాడుకు గుచ్చుతారు. ఆ తాడును కోయాల్సిన స్లాబు చుట్టూ తిప్పి మోటారుతో వేగంగా లాగుతారు. వేడెక్కి తాడు తెగకుండా, దుమ్ము లేవకుండా నీళ్లు పోస్తూనే ఉంటారు. కాంక్రీటు, లోపలి ఇనుము రెండూ ఒకేసారి తెగుతాయి. తెగిన ముక్కను క్రేను పట్టుకుని ట్రెయిలర్ మీదికి దించుతుంది. ఇలాంటి పనిలో ప్రమాదమంతా వరస తప్పడంలో ఉంటుంది. ఒక భాగం తీయగానే పక్క భాగం మీద బరువు పడే తీరు మారిపోతుంది. అందుకే కోసే ముందే కింద ఆసరా నిలబెట్టాలి. పనిని మూడు భాగాలుగా చేసి మూడు కంపెనీల బృందాలకు ఒకేసారి అప్పగించారు. పని సాగినన్నాళ్లూ రెండు పక్కలా రెండేసి వరసల రోడ్డు తెరిచే ఉంచారు. దుకాణాలకు సరుకు రావాలి కదా.

ఇక నీళ్ల సంగతి. చాలామంది స్లాబు తీయగానే కింద నది గలగలా పారుతూ కనిపించిందనుకుంటారు. అలా ఏమీ లేదు. కొండల నీరు వచ్చే దారులన్నీ ఎప్పుడో డ్రైనేజీల్లో కలిసిపోయాయి. వాన లేని రోజు ఆ వాగు ఎండిపోయే ఉంటుంది. ఇప్పుడు పారే నీరు రోజుకు 1,20,000 టన్నులు. అందులో 98,000 టన్నులు హాన్ నది నుంచి పంపులతో తోడి, శుద్ధి చేసి, వాగు మొదటికి చేర్చి వదిలేది. మిగిలిన 22,000 టన్నులు మెట్రో స్టేషన్లలో ఊరే భూగర్భ జలం. ఆ నీటిని ఎలాగూ తోడి పారబోయాల్సిందే, దాన్ని ఇటు మళ్లించారు. ఈ రెండో ఆలోచన నాకు మొదటిదానికన్నా బాగా నచ్చుతుంది. వదిలిన నీరు భూమిలోకి ఇంకిపోకుండా అడుగున ఇంకని పొర పరిచారు. నీటి లోతు మోకాలి దాకా. అంటే కరెంటు ఆపేస్తే వాగు ఆగిపోతుంది. దీన్ని పొడుగాటి ఫౌంటెన్ అని వెక్కిరించే పర్యావరణవేత్తలు సియోల్‌లో ఇప్పటికీ ఉన్నారు. వాళ్ల మాటలో నిజం ఉంది.

మురుగు మాటేమిటి? వాగుకు రెండు పక్కలా, భూమిలో పెద్ద కాలువలు కట్టి, చుట్టుపక్కల పేటల మురుగును వాగులో పడనీయకుండా శుద్ధి కేంద్రానికి పంపిస్తారు. కానీ సియోల్ పాత పేటల్లో మురుగూ వాననీరూ ఒకే గొట్టంలో వెళ్తాయి. కుండపోత కురిస్తే ఆ కాలువలు నిండి, గోడలకున్న తలుపులు తెరుచుకుని, మిగులు నీరు వాగులోకే దూకుతుంది. అప్పుడు నడకదారుల మీద ఉన్నవాళ్లను వెంటనే పైకి పంపేస్తారు. వాన వెలిశాక కొన్నిసార్లు చేపలు చచ్చి తేలతాయి. వరద తట్టుకునే లెక్కలో మాత్రం వాళ్లు రాజీ పడలేదు. రెండు వందల ఏళ్లకోసారి వచ్చే వానకు, అంటే గంటకు 118 మిల్లీమీటర్లకు సరిపడేలా వాగును తవ్వారు. నడకదారి మునగడానికే ఉంది, రోడ్డు మునగకూడదు అన్నది సూత్రం.

ఇక్కడ మన హైదరాబాదు గుర్తు రాక మానదు. మూసీ పునరుద్ధరణ కోసం 2024 అక్టోబరులో తెలంగాణ మంత్రులు, అధికారుల బృందం సియోల్ వెళ్లి ఈ వాగును చూసి వచ్చింది. మల్లన్నసాగర్ నుంచి గోదావరి నీటిని తెచ్చి జంట జలాశయాల మీదుగా మూసీలోకి వదలాలన్న ఆలోచన కూడా ఉంది. సియోల్‌లో పంపు నీటి కన్నా ముందు పూర్తయిన పని పక్క కాలువలు. నాలాలు నేరుగా నదిలో కలుస్తున్నంత కాలం పైనుంచి ఎంత మంచినీరు వదిలినా అది మురుగును పలచన చేస్తుందే గానీ నదిని బాగు చేయదు.

సరే, ఆ లక్షా అరవై ఎనిమిది వేల బండ్లు ఎటు పోయాయి? నగరం స్తంభిస్తుందన్న భయం నిజం కాలేదు. కొన్ని బండ్లు వేరే దారి పట్టాయి. కొందరు మెట్రో ఎక్కారు, కొందరు ప్రయాణమే మానుకున్నారు. దీనికి తోడుగా 2004 జూలై 1న సియోల్ తన బస్సులన్నింటినీ ఒక్క రోజులో మార్చేసింది. అప్పటిదాకా ప్రైవేటు కంపెనీలు లాభమొచ్చే రూట్ల మీద పోటీపడి, ఎదుటి బస్సును దాటి మరీ జనాన్ని ఎక్కించుకునేవి. మార్పు తర్వాత రూట్లు నగరం చేతికి వచ్చాయి. వసూలైన డబ్బంతా ఒకే చోట చేరుతుంది, కంపెనీకి తిప్పిన కిలోమీటర్ల చొప్పున డబ్బు ముడుతుంది. అలాంటప్పుడు డ్రైవరుకు పరుగు పెట్టాల్సిన పని ఉండదు. దూరపు ప్రధాన రూట్లకు నీలం బస్సు, పేటల నుంచి స్టేషనుకు ఆకుపచ్చ, శివారు పట్నాలకు ఎరుపు, నగర కేంద్రం చుట్టూ తిరగడానికి పసుపు. పెద్ద రోడ్ల మధ్యలో బస్సులకే ప్రత్యేక వరస. బస్సు దిగి మెట్రో ఎక్కినా ఒకే కార్డు, ప్రయాణించిన దూరాన్ని బట్టే చార్జీ. మొదటి రోజుల్లో గొడవ గొడవే అయింది. కార్డు యంత్రాలు మొరాయించాయి, మధ్య వరసలో బస్సులు రైలు పెట్టెల్లా నిలిచిపోయాయి, మేయర్ క్షమాపణ చెప్పాల్సి వచ్చింది. అడిగితే నేను అనేది, ఈ బస్సుల మార్పు ఫ్లైఓవర్ మూసేసే ముందే రావాల్సింది. ఏడాది తర్వాత వచ్చింది.

ఫలితం చెప్పాలంటే, వేసవిలో వాగు పక్కన వేడి, నాలుగైదు వీధుల అవతలి రోడ్డు మీద కన్నా 3 నుంచి 6 డిగ్రీలు తక్కువ. చేపలు, పిట్టల రకాలు పెరిగాయి. వాగుకు 50 మీటర్ల లోపు స్థలాల ధరలు 30 నుంచి 50 శాతం పెరిగాయి. ఈ చివరి అంకె ఎవరికి సంతోషమో, ఎవరికి కష్టమో వేరే చెప్పనక్కర్లేదు.

హడావిడి వల్ల పోయినవీ ఉన్నాయి. వాగు మీద 1410 నాటి గ్వాంగ్‌తోంగ్ వంతెన ఒకటి ఉంది. ఒక రాణి సమాధి రాళ్లు తెచ్చి కట్టింది. కొన్ని చెక్కడపు రాళ్లు తలకిందులుగా పెట్టి ఉంటాయి, ఇప్పటికీ కనిపిస్తాయి. తవ్వకంలో బయటపడ్డ ఆ వంతెనను ఉన్న చోటే నిలబెడితే రోడ్డుకు అడ్డమని 155 మీటర్లు ఎగువకు జరిపి కట్టారు. ఇలాంటి విషయాల్లో తమ మాట వినడం లేదని, ఈ పనికి సలహాలిచ్చేందుకు వేసిన పౌర కమిటీ సభ్యులు కొందరు రాజీనామా చేశారు. నడకదారుల్లో చక్రాల కుర్చీ సాగడం కష్టమని వికలాంగుల సంఘాలు నిలదీశాయి.

అన్నింటికన్నా చిక్కుముడి దుకాణాలు. వాగు పొడవునా పనిముట్లు, మోటార్లు, దీపాలు, బట్టలు, చెప్పులు అమ్మే దుకాణాలు దాదాపు 60 వేలు. నగరం వాళ్లతో 4 వేల సార్లకు పైగా సమావేశమైంది. నగదు పరిహారం ఇవ్వలేదు. బదులుగా పార్కింగు, ఉచిత షటిల్ బస్సులు, సరుకు దించుకునే చోటు ఇచ్చారు. వెళ్లిపోదలచిన వాళ్లకు నగరం ఆగ్నేయ అంచున గార్డెన్ ఫైవ్ అనే పెద్ద వాణిజ్య సముదాయం కడతామన్నారు. అది 2010లో తెరుచుకునేసరికి ధరలు మొదట చెప్పినదానికన్నా బాగా పెరిగిపోయాయి. చాలామంది కొనలేకపోయారు, ఆ సముదాయం ఏళ్ల తరబడి సగం ఖాళీగా ఉంది. తోపుడుబండ్ల వాళ్లను తోంగ్‌దేమున్ స్టేడియంలోకి పంపారు. కొన్నేళ్లకు ఆ స్టేడియాన్నే కూల్చి డిజైన్ ప్లాజా కట్టారు. వాళ్లు మళ్లీ మూటాముల్లె సర్దుకుని సిన్‌సోల్‌దోంగ్ దగ్గరి సంతకు మారాల్సి వచ్చింది. మూసీ గట్టున తీసేయాల్సిన ఇళ్లకు మార్కింగు వేసే వాళ్లు సియోల్ ఫైళ్లలో ముందుగా తెరవాల్సింది ఈ దుకాణాల ఫైలునే.

నమస్కారం.