స్లర్రీ పంపు ఆపే ముందు

చీమకుర్తి గ్రానైట్ యూనిట్లలో పంపులు చూసుకునే అందరికీ నమస్కారం.

గాలితో నడిచే జంట డయాఫ్రమ్ పంపు (డయాఫ్రమ్ అనే రెండు వంగే పొరలు అటూ ఇటూ కదిలి నీళ్లను తోసేది) మన దగ్గర నడిచి పాడయ్యేదానికన్నా ఆగి పాడయ్యేదే ఎక్కువ. స్లర్రీ, అంటే రాతి పిండి కలిసిన నీళ్లు, కదిలినంతసేపే నీళ్లు. రాత్రంతా కదలకుండా ఉంటే పిండి అడుక్కి దిగి, తెల్లారేసరికి చాంబర్ కింది భాగంలో గట్టిగా పేరుకుంటుంది. పొద్దున్నే గాలి వాల్వు తిప్పగానే డయాఫ్రమ్ ఆ ముద్దను నెట్టలేక, తనను పట్టి ఉంచే మధ్య ప్లేటు అంచున మడత పడుతుంది. విప్పి చూడండి, వెంట్రుకంత పగులు మొదట కనబడేది ఆ అంచు చుట్టూనే.

అందుకే షిఫ్టు అయ్యాక సక్షన్ (పీల్చే) గొట్టం మంచినీళ్ల డ్రమ్ములో వేసి, డెలివరీలో (బయటికి వదిలే వైపు) తేట నీళ్లు వచ్చేదాకా నడపండి. ఎన్ని డ్రమ్ములని లెక్కపెట్టొద్దు, నీళ్ల రంగు చూడండి.

వాడిన గాలి బయటికి పోయే మఫ్లర్‌లోంచి స్లర్రీ చుక్కలు పడితే డయాఫ్రమ్ చిరిగినట్టే. వెంటనే ఆపాలి, లేదంటే రాతి పిండి పంపు లోపలి గాలి వాల్వులోకి పోయి ఖర్చు పెరుగుతుంది. చిరిగింది ఒకటే అయినా రెండూ మార్చండి. రెండూ ఒకే షాఫ్టు (కలిపే కడ్డీ) మీద అన్నే స్ట్రోకులు కొట్టాయి. డెలివరీలో బుడగలొస్తే మాత్రం ముందు సక్షన్ క్లాంపు బిగించి చూడండి.

నీళ్లు వెనక్కి రాకుండా ఆపే బాల్స్ సంగతి తెలియాలంటే డెలివరీ వాల్వు మూయండి. బాగున్న పంపు ఆగిపోతుంది. మూసినా టక్కుటక్కుమని కొడుతుంటే బాల్ సీటు మీద సరిగా కూర్చోవట్లేదు: అరిగిపోయి ఉండొచ్చు, మధ్యలో రాతి ముక్క ఇరుక్కుని ఉండొచ్చు. ఈ పరీక్ష సెంట్రిఫ్యూగల్ (తిరిగే రెక్కల) పంపు మీద చేయకండి.

విప్పేముందు గాలి మూసి, గాలి గొట్టం ఊడదీసి, డెలివరీ వైపు ఒత్తిడి వదలండి. గాలి ఆగినా లోపల ఒత్తిడి నిలిచి ఉంటుంది. కంప్రెసర్ ట్యాంకులో, గాలి ఫిల్టర్ గిన్నెలో చేరిన నీళ్లు రోజూ వదిలేయాలి. వానాకాలం రెండు పూటలా.

పని లేక నెలల తరబడి పక్కన పెట్టాల్సొస్తే, కడిగాక పంపును తలకిందులు చేసి నీళ్లన్నీ కారనివ్వండి. బాగా ఆరాక మూతులకు మూతలు బిగించి నీడలో పెట్టండి. వెల్డింగ్ చోటుకీ, నడిచే మోటార్లకీ దూరంగా ఉంచాలి. అక్కడ పుట్టే ఓజోన్ నైట్రైల్ రబ్బరును పగలగొడుతుంది.

మళ్లీ బయటికి తీసినప్పుడు రబ్బరు అణిగి బోల్టులు వదులై ఉంటాయి. ఎదురెదురుగా ఒక్కొక్కటీ, మాన్యువల్‌లో చెప్పిన టార్కుకే (బిగింపు బలానికే) బిగించండి. ముందు 1–2 బార్ గాలి ఒత్తిడితో నీళ్లు తిప్పి, జాయింట్లు వేలితో తడిమి చూసి, తడి లేదనుకున్నాకే స్లర్రీ వదలండి.