మీ ఆఫీసు పాత ఫోన్లు ఇంటర్నెట్ కాలింగ్‌కి పనికొస్తాయా? కొత్తవి కొనేముందు ఇది చూడండి

నమస్కారమండీ, అందరూ బావున్నారా. ఇవాళ నేను పలాసలో ఉన్నాను, కాశీబుగ్గ వైపు, జీడిపప్పు వ్యాపారం చేసేవాళ్ల ఆఫీసు ఇది. పొద్దున్నే శ్రీకాకుళంలో బండెక్కి వచ్చేశాను. వీళ్లు ఈమధ్యే ఫైబర్ పెట్టించుకున్నారు, ఫోన్లు కూడా ఇంటర్నెట్ మీదకి మార్చేద్దామనుకున్నారు, అడిగితే షాపులో మొత్తం కొత్త ఫోన్లు కొనాల్సిందే అని కొటేషన్ ఇచ్చారంట. పదకొండు ఫోన్లు. ఓనర్ గారు నాకు ఫోన్ చేసి ఒకటే అడిగారు, "బాబూ, ఈ ఫోన్లకేటయింది, బాగానే పన్జేస్తన్నాయి కదా, ఎందుకు తీసీడం" అని. న్యాయమైన ప్రశ్నే కదండీ. అందుకే వచ్చాను, వస్తూ కెమెరా కూడా తెచ్చాను.

సరే, ముందు ఫోన్ తిరగేయండి. ఇదిగో, ఇలా. అడుగున స్టిక్కర్ ఉంటుంది, మోడల్ నెంబర్ ఉంటుంది, ఫోటో తీసుకోండి. అన్ని ఫోన్లకీ తీసుకోండి, ఒకటి చూసి మిగతావన్నీ అవే అనుకోవద్దు, ఒకే ఆఫీసులో మూడు రకాలుంటాయి. ఇక్కడా మూడు రకాలే ఉన్నాయి.

ఇప్పుడు వైరు పెట్టే చోటు చూడండి. చిన్న క్లిప్ పట్టేది ఆర్‌జే 11, ఇది మామూలు టెలిఫోన్ వైరు. వెడల్పుగా ఎనిమిది పిన్నులున్నది ఆర్‌జే 45, అది లాన్ కేబుల్. లాన్, పీసీ అని రెండు పోర్టులు పక్కపక్కనే ఉంటే అది దాదాపు ఐపీ ఫోనే, అంటే తిన్నగా ఇంటర్నెట్ మీద నడిచే ఫోన్. ఇది మీకు తెలిసిందే, ఎల్లిపోదాం. ఒక్క మాట మాత్రం చెప్పాలి, ఆర్‌జే 11 క్లిప్ ఆర్‌జే 45 సాకెట్‌లో కూడా దూరిపోతుంది. దూరింది కదా అని గోడ మీద కనపడ్డ ప్రతి సాకెట్‌లోనూ పెట్టకండి. పాత టెలిఫోన్ లైన్‌లో ఊరికే ఉన్నప్పుడే 48 వోల్టుల దాకా ఉంటుంది, రింగ్ వచ్చినప్పుడు 75 నుంచి 90 వోల్టుల ఏసీ వస్తుంది, అది తిన్నగా మీ నెట్‌వర్క్ స్విచ్‌లోకో లాప్‌టాప్‌లోకో వెళ్తే పోర్టు పోతుంది.

మొదటి రకం, ఇదిగో మామూలు ల్యాండ్‌లైన్ ఫోన్లు, ఇక్కడ ఏడున్నాయి. వీటితో గొడవే లేదండి. ఫోన్‌కీ ఇంటర్నెట్‌కీ మధ్యలో ఏటీఏ అని చిన్న డబ్బా పెడితే చాలు, అనలాగ్ టెలిఫోన్ అడాప్టర్. నేను ఎక్కువగా గ్రాండ్‌స్ట్రీమ్‌వి వాడతాను, హెచ్‌టీ 801కి ఒక ఫోన్, 802కి రెండు, 818కి ఎనిమిది. కొనేటప్పుడు పోర్టు మీద ఎఫ్ఎక్స్ఎస్ అని ఉందో లేదో చూసుకోండి, ఫోన్‌కి డయల్ టోన్ ఇచ్చేది అదే. ఎఫ్ఎక్స్ఓ అని ఉంటే అది బయట ఎక్స్ఛేంజ్ లైను తెచ్చి పెట్టేది, అందులో ఫోన్ పెడితే చప్పుడే రాదు. ఇంకోటి, మీ ఫైబర్ డబ్బా వెనక టెల్ అనో పాట్స్ అనో రాసున్న పోర్టు ఉందేమో చూడండి. ఉంటే అందులోనే ఏటీఏ ఉన్నట్టు, మీ ఆపరేటర్ వాయిస్ ఆన్ చేస్తే ఫోన్ తిన్నగా అందులో పెట్టేయొచ్చు. ఒకే ఫోన్ ఉన్న చిన్న ఆఫీసుకి అంతకంటే ఏం అక్కర్లేదు.

ఫోన్ కింద టీ, పీ అని చిన్న స్విచ్ ఉంటుంది, టీ వైపు ఉంచండి. పీ అంటే పల్స్, చాలా ఏటీఏలకి పల్స్ అర్థం కాదు, డయల్ టోన్ వస్తుంది గానీ ఏ నెంబర్ నొక్కినా టోన్ ఆగదు. సరేనా, ముందుకెళ్దాం.

ఇప్పుడు అసలు చోటుకొచ్చాం. ఇక్కడ కొంచెం నెమ్మదిగా చెప్తాను, వినండి, ఎందుకంటే నేను దెబ్బతిన్నది ఇక్కడే.

రెండో రకం ఇవి చూడండి, ఓనర్ గారి టేబుల్ మీద ఒకటి, ముందు గదిలో ఒకటి. డిస్‌ప్లే ఉంది, పక్కన లైట్లు వెలిగే బటన్లున్నాయి. వెనక చూస్తే అదే చిన్న క్లిప్, అదే ఆర్‌జే 11. చూస్తే మామూలు ఫోన్ లాగే ఉంది కదా. కానీ కాదండి. ఇది కీ ఫోన్, ఆ మూలనున్న ఇంటర్‌కామ్ డబ్బా, అదే ఈపీఏబీఎక్స్, దాని భాష తప్ప ఇంకోటి తెలియదు దీనికి. పానసోనిక్ కేఎక్స్-టీ 7730 ఇలాంటిదే, మ్యాట్రిక్స్ వాళ్ల ఈఆన్ ఫోన్లూ ఇలాంటివే. మామూలు ఫోన్‌కి రెండు వైర్లు సరిపోతే ఈ 7730కి నాలుగు కావాలి, రెండింట్లో మాట వెళ్తుంది, రెండింట్లో డేటా వెళ్తుంది, ఆ బటన్ల లైట్లు, డిస్‌ప్లే మీద పేర్లు అన్నీ ఆ డేటాలోనే వస్తాయి. ఇంకొన్ని పూర్తి డిజిటల్, వాటికి రెండు వైర్లే ఉన్నా మాట కూడా అంకెల రూపంలోనే వెళ్తుంది.

విజయనగరంలో ఒక ఆఫీసుకి పని ఒప్పుకున్నప్పుడు నేను క్లిప్ ఒక్కటే చూసి మామూలు ఫోన్లే అనేసుకున్నాను, ఏటీఏలు నాలుగు తెప్పించేశాను. పెట్టాను, చప్పుడు లేదు. వైరు మార్చాను, లేదు. ఏటీఏ పాడైందేమో అనుకుని రీసెట్ చేశాను, ఫర్మ్‌వేర్ అప్‌డేట్ చేశాను, ఇంటర్నెట్ కాలింగ్ ఇచ్చే ప్రొవైడర్‌కి ఫోన్ చేసి అకౌంట్ చూడమన్నాను, అలా సాయంత్రం అయిపోయింది. చివరికి అక్కడి గుమస్తా గారు, పెద్దాయన, వాళ్లింట్లో ల్యాండ్‌లైన్ ఫోన్ పట్టుకొచ్చి "దీన్ని పెట్టి సూడండి" అన్నారు. పెట్టగానే డయల్ టోన్. ఏటీఏ బాగానే ఉంది, అకౌంట్ బాగానే ఉంది, ఆ ఫోన్లే వేరే జాతి. ఆ పెద్దాయన చేసిన పరీక్షనే ఇప్పుడు నేను అన్నిచోట్లా మొదట చేస్తాను.

ఆ పరీక్ష ఇదే. అనుమానమున్న ఫోన్ తీసుకెళ్లి మామూలు ల్యాండ్‌లైన్‌కో, వాయిస్ ఆన్‌లో ఉన్న ఫైబర్ డబ్బా టెల్ పోర్టుకో పెట్టండి. డయల్ టోన్ వచ్చి, నెంబర్ నొక్కితే కాల్ వెళ్తే అది అనలాగ్, ఏటీఏతో పనిచేస్తుంది. చప్పుడు లేకుండా, డిస్‌ప్లే వెలగకుండా ఉంటే కీ ఫోన్. ఇదిగో, ఓనర్ గారి ఫోన్ పెడుతున్నాను... వినండి... ఏమీ లేదు. ఇప్పుడు అదే వైరుకి ఈ మామూలు ఫోన్... వచ్చింది, విన్నారా. ఫోన్‌నే లైను దగ్గరికి తీసుకెళ్లండి గానీ, ఈపీఏబీఎక్స్ డిజిటల్ పోర్టులో ఇంకో ఫోన్ తెచ్చి పెట్టి చూడకండి. ఫోన్ తన చోట మోగుతోంది కాబట్టి మామూలు ఫోనే అనుకోవడానికి కూడా లేదు, దాన్ని మోగించేది ఆ ఈపీఏబీఎక్స్.

మరి కీ ఫోన్లు పారేయాలా? అక్కర్లేదండి. షాపు వాళ్లు చెప్పని సంగతి ఇది. ఈపీఏబీఎక్స్ బాగుంటే దాన్ని అలాగే ఉంచండి. ఇక్కడున్నది పానసోనిక్ కేఎక్స్-టీఈఎస్ 824, మామూలుగా మూడు బయటి లైన్లు, ఎనిమిది ఎక్స్‌టెన్షన్లతో వస్తుంది, కార్డులు వేసుకుంటే ఎనిమిది లైన్లు, 24 ఎక్స్‌టెన్షన్ల దాకా పెరుగుతుంది, వీళ్లు ఒక కార్డు వేయించారు. బయటి లైను వచ్చి పెట్టే చోట సీఓ అని రాసుంటుంది. ఇన్నాళ్లూ ఆ సీఓలో రాగి తీగ లైను ఉంది. ఇప్పుడు అది తీసేసి ఏటీఏ ఎఫ్ఎక్స్ఎస్ పోర్టు నుంచి వైరు తెచ్చి పెడుతున్నాను, అంతే. ఈపీఏబీఎక్స్‌కి తేడా తెలియదు, ల్యాండ్‌లైనే వచ్చిందనుకుంటుంది. ఏడు మామూలు ఫోన్లు, రెండు కీ ఫోన్లు, తొమ్మిదీ ఎక్కడివక్కడే ఉంటాయి, ఇంటర్‌కామ్ నెంబర్లు కూడా మారవు. ఒక 802 డబ్బా సరిపోయింది. రెండు పోర్టులు కాబట్టి ఒకేసారి బయటికి రెండు కాల్సే వెళ్తాయి, వీళ్లకి అది చాలు, సీజన్‌లో చాలకపోతే ఇంకోటి పెడతాం. ఒక్క ఇబ్బంది, అవతలివాళ్లు పెట్టేసినా లైను బిజీగా ఉండిపోతుంటే ఏటీఏ సెట్టింగ్స్‌లో కరెంట్ డిస్‌కనెక్ట్ ఆన్‌లో ఉందో లేదో చూడండి, ఈపీఏబీఎక్స్‌లో సీపీసీ, అంటే అవతలివాళ్లు పెట్టేశారని గుర్తుపట్టే సెట్టింగ్, దాని సమయం కూడా దానికి తగ్గట్టుండాలి.

మూడో రకం, ఐపీ ఫోన్లు, ఇవి రెండు. విశాఖలో సెకండ్ హ్యాండ్‌లో తెచ్చారు. లాన్ పోర్టుంది కాబట్టి పనిచేసేస్తుందని అనుకుంటారు, అలా కాదు, అది సిప్ మాట్లాడాలి, ఇంటర్నెట్ కాల్స్‌కి చాలా కంపెనీలు వాడే ఉమ్మడి భాష అది. యీలింక్, గ్రాండ్‌స్ట్రీమ్ జీఎక్స్‌పీ ఫోన్లయితే సిప్పే. సిస్కోలో జాగ్రత్త. పాత 7942 లాంటివి ఎక్కువగా ఎస్‌సీసీపీ అనే సొంత పద్ధతితో వస్తాయి. 8841 కొనేటప్పుడు పార్ట్ నెంబర్ పూర్తిగా చదవండి, మధ్యలో 3పీసీసీ అని ఉంటే బయటి ప్రొవైడర్‌తో వాడుకోవచ్చు, లేకపోతే అది సిస్కో సొంత సర్వర్ కోసం చేసింది. అవాయాలో 9508 డిజిటల్, 9608 ఐపీ, ఒక్క అంకె తేడా. పానసోనిక్‌లో కేఎక్స్-ఎన్‌టీ అంటే వాళ్ల సొంత ఐపీ, కేఎక్స్-హెచ్‌డీవీ అంటే సిప్. సెకండ్ హ్యాండ్‌లో ఇంకో చిక్కు, పాత కంపెనీ సర్వర్‌కి లాక్ అయి ఉండొచ్చు, అలాంటప్పుడు ఫ్యాక్టరీ రీసెట్ చేసినా నెట్ తగలగానే మళ్లీ అక్కడికే పోతుంది. డబ్బులిచ్చే ముందే నెట్‌కి పెట్టి చూపించమనండి.

వీళ్లవి యీలింక్‌వి. ఓకే బటన్ నొక్కితే ఐపీ అడ్రస్ వస్తుంది, ఇదిగో, బ్రౌజర్‌లో కొట్టాను, లాగిన్, అకౌంట్, సర్వర్, యూజర్, పాస్‌వర్డ్, కన్ఫర్మ్... రిజిస్టర్డ్. అయిపోయింది. గ్రాండ్‌స్ట్రీమ్ ఏటీఏ అయితే స్క్రీన్ ఉండదు కదా, దానికి పెట్టిన ఫోన్ ఎత్తి స్టార్ మూడుసార్లు నొక్కి 02 కొట్టండి, ఐపీ అడ్రస్ అదే చదివి చెప్తుంది. నాకు చాలా ఇష్టమైన షార్ట్‌కట్ అది.

ఇంకో అలవాటు చేసుకోండి, ఫోన్ ముట్టుకునే ముందే ఆ సిప్ అకౌంట్‌ని మొబైల్‌లో లిన్‌ఫోన్, జోయిపర్ లాంటి కాలింగ్ యాప్‌లో పెట్టి కాల్ చేసి చూడండి. అందులో పనిచేసి ఫోన్‌లో చెయ్యకపోతే తప్పు అకౌంట్‌ది కాదని తేలుతుంది, వెతుకులాట సగానికి తగ్గుతుంది. కాల్ కలిసి ఒకవైపు మాటే వినపడుతుంటే రౌటర్‌లో సిప్ ఏఎల్‌జీ అనే సెట్టింగ్ ఆపేయండి. స్పీడ్ గురించి భయపడక్కర్లేదు, జీ.711 కోడెక్‌లో, అంటే మాటని డేటాగా మార్చే పద్ధతిలో, ఒక కాల్‌కి ఒక్కో వైపు 87 కేబీపీఎస్ దగ్గర పడుతుంది, అంతే.

ఫోన్ మోగుతోంది గానీ నెంబర్ కనపడట్లేదా? మన పాత ల్యాండ్‌లైన్ ఫోన్లు చాలావరకు నెంబర్‌ని డీటీఎంఎఫ్ పద్ధతిలో చదువుతాయి, ఏటీఏ ముందుగా బెల్‌కోర్ అనే ఇంకో పద్ధతిలో ఉంటుంది. కాలర్ ఐడీ స్కీమ్ దగ్గర మార్చి చూడండి.

కరెంటు సంగతి మర్చిపోవద్దు. రాగి తీగ లైనుకి ఎక్స్ఛేంజ్ నుంచే కరెంటు వచ్చేది, ఇంట్లో కరెంటు పోయినా ఫోన్ పలికేది. ఇప్పుడు ఫైబర్ డబ్బా, ఏటీఏ, ఈపీఏబీఎక్స్, స్విచ్, ఒక్కటి ఆరినా అన్నీ ఆగినట్టే. 2018 అక్టోబర్‌లో తిత్లీ తుఫాను ఈ పలాస దగ్గరే తీరం దాటింది, ఉద్దానంలో ఎన్ని రోజులు చీకట్లో ఉన్నారో ఇక్కడివాళ్లకి నేను చెప్పక్కర్లేదు. అందుకే ఈ నాలుగింటినీ ఒకే యూపీఎస్ మీద పెట్టాం, అయినా అత్యవసరానికి ఒక మొబైల్ ఛార్జ్‌లో ఉంచుకోమని చెప్పాను.

బయటి నెంబర్లకి కాల్స్ వెళ్లే కనెక్షన్ మాత్రం లైసెన్స్ ఉన్న ఆపరేటర్ దగ్గరే తీసుకోండి. టెలికాం శాఖ 2018లో లైసెన్స్ ఉన్నవాళ్లకే ఇంటర్నెట్ టెలిఫోనీకి దారి ఇచ్చింది. ఎవరో తక్కువకిస్తామన్నారని ఇంటర్నెట్ కాల్స్‌ని మీ ల్యాండ్‌లైన్‌లోకి కలిపే డబ్బాలు పెట్టించుకోకండి, కేసు మీ పేరు మీద పడుతుంది.

సరే, ఇప్పుడు ఓనర్ గారు తన పాత కీ ఫోన్ నుంచే చేస్తున్నారు, తొమ్మిది నొక్కి, నెంబర్ కొట్టి... మోగుతోంది... "హలో, ఏటి, ఇనిపిస్తందా?" ఇనిపిస్తోందంట.

మీ ఫోన్ ఏ రకమో తేలకపోతే స్టిక్కర్ ఫోటో కింద పెట్టండి, చూసి చెప్తాను. మోడల్ నెంబర్ ఒక్కటే కనపడితే చాలు, సీరియల్ నెంబర్, మ్యాక్ అడ్రస్ మీద వేలు పెట్టి ఫోటో తీయండి. ఉంటానండి.