విలియమ్స్‌బర్గ్‌లో పిల్లలు మట్టి తొక్కారు, మా అత్తయ్య గైడ్ అయ్యారు

హాయ్ అండీ. అమెరికాలో వర్జీనియాలోని కలోనియల్ విలియమ్స్‌బర్గ్ వెళ్లొచ్చాం, బ్రిటిష్ వాళ్ల కాలంనాటి ఊరిని మళ్లీ అలాగే నిలబెట్టి చూపించే మ్యూజియం అది. మేమిద్దరం, పదేళ్ల పాప, ఆరేళ్ల బాబు, గుంటూరు నుంచి వచ్చిన మా అత్తయ్య. ముందే చెప్పేస్తున్నా, పిల్లలతో వెళ్తే అప్పటి బ్రిటిష్ గవర్నర్ ఉన్న గవర్నర్ ప్యాలెస్ కోసం పరుగెత్తకండి, ఇటుకల యార్డ్‌కి వెళ్లండి.

ఈ ఊరు 1699 నుంచి 1780 దాకా వర్జీనియా రాజధాని. రాజధాని రిచ్‌మండ్‌కి తరలిపోయాక దీన్ని పట్టించుకున్నవాళ్లు తక్కువ. 1926లో కోటీశ్వరుడు రాక్‌ఫెల్లర్ డబ్బుతో పాత ఇళ్లు బాగుచేయడం, కూలిపోయినవి మళ్లీ కట్టడం మొదలైంది. ప్యాలెస్ కూడా అలా కట్టిందే, అసలుది 1781లో కాలిపోయింది. లోపల గోడలనిండా తుపాకులు, కత్తులు. మావాడు ఐదు నిమిషాలు నోరు తెరుచుకుని చూశాడు, ఆ తర్వాత "అమ్మా, కాళ్లు నొప్పి" మొదలు.

టికెట్ సంగతి. వీధుల్లో తిరగడానికి, గుర్రబ్బండ్లు చూడడానికి టికెట్ అక్కర్లేదు. ఇళ్ల లోపలికి, పనివాళ్ల షాపుల్లోకి వెళ్లాలంటే కావాలి. మరీ చిన్నపిల్లలైతే కొనకండి, ఎనిమిదేళ్లు దాటితే కొనండి. కమ్మరి, పీపాలు చేసేవాళ్లు, విగ్గులు చేసేవాళ్లు, వీళ్లంతా వేషం వేసుకుని డైలాగులు చెప్పేవాళ్లు కాదు, ఆ పని ఏళ్ల తరబడి నేర్చుకుని నిజంగా చేసేవాళ్లు, పిల్లలు ఎన్ని ప్రశ్నలడిగినా విసుక్కోరు.

ఇక ఇటుకల యార్డ్. వేసవిలో పిల్లల చేత చెప్పులు విప్పించి మట్టి గుంటలోకి దింపుతారు. కాలివేళ్ల సందుల్లోంచి బురద పైకి తన్నుకొస్తుంటే మావాడి కేకలు వీధి చివరిదాకా! అక్కడాయన చెక్క అచ్చులో ఇసుక చల్లి, మట్టిముద్దని ఒక్క విసురు విసిరి, పైన మిగిలింది గీసేసి నేలమీద బోర్లించాడు. మా అత్తయ్య నా చెవిలో, "మా ఊరి బట్టీ దగ్గర చేసేదీ ఇదే కదమ్మా, దీనికి టికెట్టు కూడానా!" అన్నారు. అన్నారే గానీ అక్కణ్నుంచి కదల్లేదు. ఎన్నాళ్లు ఆరబెడతారు, బట్టీ ఎలా పేరుస్తారు, ఏం కట్టెలు వాడతారు, అన్నీ అడిగారు, పాప అనువాదం. ఆయనకైతే ఎంత సంబరమో.

తర్వాత ఆయనే చెప్పాడు, అప్పట్లో ఈ పని చేసినవాళ్లలో బానిసలు, బానిసల పిల్లలు కూడా ఉండేవాళ్లని. 1775లో ఊరి జనంలో సగానికి పైగా నల్లజాతివాళ్లే, వాళ్లలో దాదాపు అందరూ బానిసలే. పాప నానమ్మకి చెప్పడం ఆపేసి, "వాళ్లకి డబ్బులిచ్చేవాళ్లా?" అని నన్నడిగింది. ఇవ్వలేదన్నాను. అక్కణ్నుంచి బ్రే స్కూల్‌కి తీసుకెళ్లాం. 1760 నుంచి 1774 దాకా నల్లజాతి పిల్లలకి నడిపిన బడి అది, భవనాన్ని 2023లో ఉన్నపళంగా బండిమీద ఎత్తుకొచ్చి ఇక్కడ పెట్టారు. "చూశావా, వాళ్లకీ బడి ఉండేది" అని గొప్పగా మొదలుపెట్టాను గానీ, చదువుతోపాటు యజమాని మాట జవదాటకూడదని కూడా నేర్పేవాళ్లట, అది చెప్పేసరికి నాకే నోట మాట రాలేదు.

అదే రోజు దగ్గర్లోని జేమ్స్‌టౌన్ (ఇంగ్లీషువాళ్లు మొదట స్థిరపడ్డ చోటు) కూడా చుట్టేద్దామనుకోకండి, పిల్లలు అలిసిపోతారు. తాగడానికి నీళ్లు, టోపీలు, ఇంకో జత నిక్కర్లు తప్పనిసరి. మేం నిక్కర్లు మర్చిపోయాం. ఇంటికి తిరిగొస్తుంటే ఐ-95 హైవే ట్రాఫిక్‌లో మూడు గంటల దారి ఐదు గంటలైంది, వాడి మోకాళ్లమీది మట్టంతా ఎండి కారు సీటుమీదే రాలింది, ఇంకా దులుపుతూనే ఉన్నా.