చాట ఎత్తు

బీడీలు చేసే అక్కలకు, అమ్మలకు నమస్కారం.

మా అమ్మ బీడీలు చేసి నన్ను ఫిజియోథెరపీ చదివించింది. గోడవారగా కూర్చుని, చాట ఒళ్లో పెట్టుకుని తల వంచిందంటే మళ్లీ అన్నం వేళకే ఎత్తేది. వెయ్యి బీడీల లెక్కన కూలి కదా, లేస్తే లెక్క తగ్గుతుందని భయం. రాత్రిపూట మెడకి మందు రాస్తుంటే ఆ కండరాలు నా వేళ్లకి బిగదీసిన తాళ్లలా తగిలేవి. అందుకే ఇవాళ మీ చాట గురించే మాట్లాడతాను.

మన తల దాదాపు 5 కిలోల బరువు. నిటారుగా ఉంటే ఆ బరువు వెన్నుపూసల మీదుగా కిందికి దిగిపోతుంది. ముందుకి వంగిందా, మెడ వెనక కండరాలు దాన్ని పట్టి లాగుతూనే ఉండాలి. ఇంటికెళ్లాక నిండు చెంబు ఒకటి చెయ్యి చాచి పట్టుకోండి. కాసేపటికి అదే చెంబు గుండెకి ఆనించుకోండి. బరువు అదే. మారింది దూరమే.

కాబట్టి మెడని చాట దగ్గరికి దించొద్దు, చాటనే పైకి తెచ్చుకోండి. ఒళ్లో గట్టి దిండు పెట్టుకుని దాని మీద చాట పెట్టండి. మోచేతులు వంచితే చేతులు ఎక్కడుంటాయో, ఆకు చుట్టే చోటు అక్కడికి రావాలి. కింద దుప్పటి మడిచి వేసుకుని కూర్చోండి. మోకాళ్ల కన్నా తుంటి కాస్త ఎత్తులో ఉంటే నడుం కుంగదు. వీపు గోడకి ఆనించండి.

ఎంత బాగా కూర్చున్నా గంటలకొద్దీ కదలకపోతే నొప్పి తప్పదు. వెన్నుపూసల మధ్య మెత్తటి డిస్కులుంటాయి. పెద్దవాళ్లలో వాటికి రక్తనాళాలు దాదాపు ఉండవు, మనం కదులుతుంటే వాటికి పోషణ బాగా అందుతుంది. రెండు కట్టలు కాగానే లేచి, నడుం మీద చేతులుంచి వెనక్కి వంగి, నాలుగడుగులు వేయండి. ఒక్క నిమిషం. ఆ నిమిషం కూడా మీకు కూలేనని తెలుసు, అయినా అడుగుతున్నాను.

నీళ్ల టిన్ను ఎత్తేటప్పుడూ ఇదే లెక్క. 20 లీటర్లంటే 20 కిలోలు. మోకాళ్లు వంచి, టిన్ను ఒంటికి ఆనించుకుని, కాళ్ల బలంతో లేవండి. పక్కకి తిరగాలంటే పాదాలు తిప్పండి, నడుం మెలిపెట్టొద్దు.

నొప్పి చేతిలోకో కాలిలోకో పాకి తిమ్మిరెక్కుతున్నా, పట్టు తప్పుతున్నా డాక్టరుకి చూపించండి. నడుం నొప్పితో పాటు మూత్రం ఆగకపోయినా, అసలు రాకుండా బిగుసుకుపోయినా తెల్లారేదాకా చూడొద్దు, వెంటనే ఆసుపత్రికి వెళ్లండి.

ఇక ఎవరి చాట వాళ్లు ముందు పెట్టుకోండి. ఒక్కొక్కరి దగ్గరికీ వచ్చి ఎత్తు చూస్తాను.